రెండు చేతులకూ పని నేర్పడం ఎలా: కర్ర, బ్యాట్, రాకెట్, డప్పు, మృదంగం

రెండు చేతులతో పట్టుకుంటే బలం రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. అవ్వదు. కర్రయినా, క్రికెట్ బ్యాటయినా, టెన్నిస్ రాకెట్టయినా రెండు చేతులూ ఒకేసారి ఒకే పని చేయబోతే ఒకదానికొకటి అడ్డం పడతాయి, దెబ్బ దారి తప్పుతుంది, చివరికి భుజం నొప్పి ఒక్కటే మిగులుతుంది. ప్రతి విద్యలోనూ ఒక చెయ్యి పెత్తనం చేస్తుంది, రెండోది సాయం పడుతుంది. ఏది పెత్తనం చేయాలో తెలుసుకుని దానికి విడిగా సాధన చేయించడమే ఇందులో అసలు సంగతి. చిక్కెక్కడంటే, చాలా విద్యల్లో పెత్తనం చేయాల్సింది మనం అన్నం తినే చెయ్యి కాదు, రెండోది.

కింద రాసిందంతా కుడిచేతివాటం వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతివాటం వాళ్ళ సంగతి చివర్లో ఉంది, అది వేరే కథ.

ముందు చిన్న పరీక్ష

మీరు నేర్చుకుంటున్న వస్తువు చేతిలోకి తీసుకుని, కొట్టే కదలికని చాలా నెమ్మదిగా చేయండి. సగంలో ఆపి కుడిచెయ్యి వదిలేయండి. వస్తువు ఉన్నచోటే ఉందా, పక్కకి ఒరిగిపోయిందా? మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఎడమచెయ్యి వదిలేయండి. ఎడమచెయ్యి తీసినా ఏమీ తేడా రాలేదంటే అది ఊరికే అంటిపెట్టుకుని ఉంది, పని చేయడం లేదు. కొత్తగా నేర్చుకునే వాళ్ళలో దాదాపు అందరికీ ఇదే జరుగుతుంది, కంగారు పడాల్సిన పనేమీ లేదు. దాన్ని పనిలో పెట్టడం ఎలాగో చూద్దాం.

కర్రసాము

కర్రతో మొదలుపెట్టమని అందరికీ చెబుతాను. ఖర్చు తక్కువ, చేతుల్లో ఏం జరుగుతోందో కళ్ళకి కనిపిస్తుంది. బాగా ఆరిన వెదురు కర్ర తీసుకోండి. నిలబెడితే మీ కనుబొమల దాకా రావాలి, పిడికిలి మూస్తే బొటనవేలు చూపుడు వేలిని తాకాలి. అంతకన్నా లావైతే మణికట్టు తిరగదు. కణుపుల దగ్గర చీలికలు లేకుండా చూసుకోండి. పాత నూలు గుడ్డ ఒకటి కర్ర పొడవునా లాగండి, గుడ్డ ఎక్కడ పట్టేస్తే అక్కడ పేడు లేచిందన్నమాట, ఆ చోట గరుకు కాగితంతో రుద్ది కొంచెం కొబ్బరినూనె పట్టించండి. పైన ఫ్యాన్, కరెంటు తీగలు లేని చోటు చూసుకోవాలి, కర్ర పొడవుకి చెయ్యి పొడవు కలిపినంత దూరంలో చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా చిన్నపిల్లలు. వెనక నుంచి ఎప్పుడొస్తారో తెలియదు.

మొదటి పాఠం చేతులు మార్చుకుంటూ ముందు తిప్పడం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే చిక్కుపడి మానేస్తారు. కర్ర మధ్యలో కుడిచేత్తో పట్టుకుని చెయ్యి ముందుకి చాపండి, అరచెయ్యి నేలవైపు ఉండాలి, కర్ర అడ్డంగా ఉంటుంది. ఇప్పుడు మీ కంటికి గడియారం ముల్లు తిరిగే దిక్కుగా మణికట్టు తిప్పండి. సగం చుట్టు అయ్యేసరికి కుడి అరచెయ్యి ఆకాశం వైపు చూస్తుంది, ఇక ఆ చెయ్యి తిరగలేదు. సరిగ్గా అక్కడ ఎడమచెయ్యి కూడా అరచెయ్యి పైకి పెట్టుకుని పక్కనే అందుకోవాలి, కుడిచెయ్యి వదిలేయాలి. ఎడమచెయ్యి అదే దిక్కుగా తిప్పుకుంటూ పోతే దాని అరచెయ్యి నేలవైపు వస్తుంది, అప్పటికి కర్రకి ఒక పూర్తి చుట్టు అయినట్టు. మళ్ళీ కుడిచెయ్యి, అరచెయ్యి నేలవైపే పెట్టుకుని, అందుకుంటుంది. కుడిది నేల నుంచి ఆకాశానికి, ఎడమది ఆకాశం నుంచి నేలకి. కొన్నాళ్ళు ఈ మాట పైకి అనుకుంటూ చేయండి. కర్ర చేతులు మారే చోట రెండు చేతులూ ఒక్క క్షణం కలిసి పట్టుకోవాలి. గాల్లోకి వదిలి పట్టుకోవడం కాదు.

ఆ దిక్కు వచ్చాక ఎదురు దిక్కు. అక్కడ చేతుల పని తారుమారవుతుంది, చాలామందికి మళ్ళీ మొదటికొచ్చినట్టే ఉంటుంది. వేగం మాత్రం ఇప్పుడే వద్దు. చేతులు మారేటప్పుడు కర్ర ఆగకుండా ఒకే వేగంతో తిరగడం వచ్చాకే వేగం పెంచండి.

కొట్టడానికి పట్టు వేరు. ఎడమచెయ్యి కర్ర చివర, కుడిచెయ్యి దానికి మూరెడు ముందు. దెబ్బ వేసేటప్పుడు ముందున్న కుడిచెయ్యి తోస్తుంది, వెనకున్న ఎడమచెయ్యి తన వైపుకి లాగుతుంది. ఈ తోపూ లాగుడూ కలిస్తేనే అవతలి కొస వేగంగా కదులుతుంది. కుడిచెయ్యి ఒక్కటే బలం పెట్టి తోస్తే దెబ్బ నెమ్మదిగా వెళుతుంది, పైగా పక్కకి వంపు తిరుగుతుంది. జపాన్ వాళ్ళ కత్తిసాము కెండోలో ఈ సంగతి మీద ఏళ్ళ తరబడి సాధన చేయిస్తారు. అక్కడ పెద్దవాళ్ళలో మగవాళ్ళు వాడే వెదురు కత్తి షినాయ్ 120 సెంటీమీటర్లు మించకూడదు, బరువు 510 గ్రాములకి తగ్గకూడదు. దాన్ని మోసేది, దారి పట్టించేది ఎడమచెయ్యే, ఆ పిడికిలి బొడ్డు ఎదురుగా ఉంటుంది. ఎడమ చిటికెన వేలు, ఉంగరపు వేలు పిడిని గట్టిగా పడతాయి, మిగతా వేళ్ళు వదులు. కుడిచెయ్యి ఆసరాగా ఉండి, దెబ్బ తగిలే క్షణంలో మాత్రం రెండు చేతులూ కలిసి తడిబట్ట పిండినట్టు లోపలికి బిగుస్తాయి, వెంటనే వదులవుతాయి. ఈ పద్ధతిని మన కర్ర మీద పెట్టి చూడండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

అరచేతుల్ని కూడా చూసుకుంటూ ఉండండి. కొన్ని వారాలయ్యాక ఎడమచేతి చిటికెన, ఉంగరపు వేళ్ళ మొదట్లో చర్మం గట్టిపడితే సాధన సరైన దారిలో ఉంది. కుడి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య బొబ్బలొస్తే కుడిచెయ్యి మళ్ళీ పెత్తనం లాక్కుందని అర్థం.

కర్రసాము దగ్గరనుంచి చూడాలంటే దసరాకి అమలాపురం వెళ్ళండి. చెడీ తాలింఖానా అనే పాత సాము విద్య ఊరేగింపులో కర్రలు, కత్తులు తిప్పేవాళ్ళ చేతులు మారే చోటే చూడండి, కర్ర కొస వైపు చూడొద్దు. కత్తుల జోలికి మాత్రం గురువు దగ్గర ఉండి నేర్పితే తప్ప ఇంట్లో ఎవరూ పోవద్దు.

బ్యాట్

క్రికెట్ బ్యాట్‌ని ముఖం కిందికి, హ్యాండిల్ మీ వైపు ఉండేలా నేల మీద పెట్టి వంగి రెండు చేతులతో తీయండి. చేతులు రెండూ దగ్గరగా ఉండాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వచ్చే వి ఆకారాలు రెండూ ఒకే గీత మీద, బ్యాట్ వెనక మధ్య గట్టుకీ బయటి అంచుకీ నడుమ పడాలి. ఇక్కడ పై చెయ్యి, అంటే ఎడమచెయ్యి, బ్యాట్ ముఖాన్ని ఎటు చూపించాలో నిర్ణయిస్తుంది. కింది చెయ్యి బలం ఇస్తుంది, అదీ అడ్డబ్యాట్‌తో కొట్టే కట్, పుల్ లాంటి షాట్లకి. నిలువు బ్యాట్‌తో ముందుకి ఆడే డ్రైవ్‌కి కింది చేతిలో బొటనవేలు, మరో రెండు వేళ్ళు పట్టుకుంటే చాలు.

గల్లీలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన మనవాళ్ళకి కింది చెయ్యి బాగా బలంగా ఉంటుంది. తేలిక బంతిని లెగ్ సైడ్ ఎత్తి కొట్టడానికి అది సరిపోతుంది కూడా. లెదర్ బంతి ముందుకొచ్చేసరికి అదే అలవాటు బ్యాట్ ముఖాన్ని ముందే మూసేస్తుంది, నేరుగా వెళ్ళాల్సిన బంతి గాల్లోకి లేచి మిడాన్‌లో ఉన్న ఫీల్డర్ చేతుల్లో పడుతుంది. దీనికి మందు ఒకటే. స్నేహితుడు కొన్ని అడుగుల దూరం నుంచి బంతిని కింది నుంచి మెల్లగా వేస్తుంటే పై చేత్తో మాత్రమే డ్రైవ్ చేయాలి. బ్యాట్ బరువనిపిస్తే పిల్లల బ్యాట్ తీసుకోండి, సిగ్గుపడకండి. మోచెయ్యి పైకి లేచి బంతి వైపు చూడాలి. అలసిపోగానే ఆపేసి రెండో చెయ్యి చేర్చండి, అయితే బొటనవేలూ చూపుడు వేలూ మాత్రమే. కొంతసేపయ్యాక పూర్తి పట్టు.

మణికట్టు ఆట ఇష్టమైన హైదరాబాద్ వాళ్ళకి ఇది మరీ అవసరం. అజహరుద్దీన్ తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేసినా, 2001లో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 కొట్టినా, ఆ మణికట్లు తిరిగింది రెండు పట్లూ మెత్తగా ఉండటం వల్లే. షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద వేసిన బంతుల్ని లక్ష్మణ్ ఒకసారి కవర్స్ మీదుగా, ఇంకోసారి మిడ్ వికెట్ మీదుగా పంపాడు. బిగించి పట్టుకున్న చేతులకి ఆఖరి క్షణంలో అలా మనసు మార్చుకునే వీలుండదు.

ఇంకో విషయం చాలామంది ఆటగాళ్ళకే తెలియదు. నిబంధనల ప్రకారం బంతి, బ్యాట్ పట్టుకుని ఉన్న చేతి గ్లవ్‌కి తగిలితే బ్యాట్‌కి తగిలినట్టే లెక్క. చెయ్యి బ్యాట్‌ని వదిలేశాక ఆ గ్లవ్‌కి తగిలి లేచిన బంతిని క్యాచ్ పట్టినా అవుట్ కాదు. అందుకే షార్ట్ బంతిని ఆడలేక తప్పించుకునేటప్పుడు కింది చెయ్యి వదిలేయడం కూడా సాధన చేయండి.

హాకీ వాళ్ళకి ఒక్క మాట. స్టిక్‌కి ఒకవైపే చదునుగా ఉంటుంది, ఆ వైపుతోనే ఆడాలి, కాబట్టి బంతిని అటూ ఇటూ తీసుకెళ్ళాలంటే స్టిక్ మాటిమాటికీ తిప్పాలి. తిప్పేది పైనున్న ఎడమచెయ్యి. కుడిచేతి పిడికిలిలో స్టిక్ జారుతూ తిరగాలి. కుడిచెయ్యి కూడా తిరుగుతోందంటే పట్టు తప్పు.

రాకెట్

టెన్నిస్‌లో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ 1930లలో ఆస్ట్రేలియాకి చెందిన వివియన్ మెక్‌గ్రాత్ ఆడేనాటికి వింతగా ఉండేది. 1970లలో బోర్గ్, క్రిస్ ఎవర్ట్, జిమ్మీ కానర్స్ వచ్చాక పిల్లలంతా అదే పట్టుకున్నారు. మోనికా సెలెస్ అయితే రెండు వైపులా రెండు చేతులతోనే ఆడింది.

కుడిచెయ్యి రాకెట్ కింది కొసన, సర్వీస్ చేసేటప్పటి కాంటినెంటల్ పట్టుతో, అంటే సుత్తి పట్టుకున్నట్టు. దాని పైన ఎడమచెయ్యి, ఆ చేత్తో ఫోర్‌హ్యాండ్ ఆడబోతే ఎలా పట్టుకుంటారో అలా. ఈ షాట్ నిజానికి ఎడమచేతి ఫోర్‌హ్యాండే, కుడిచెయ్యి కింద ఆసరా. ఇది మనసుకి ఎక్కితే మిగతా సలహాల్లో సగం అక్కర్లేదు. కాబట్టి సాధన కూడా అదే: కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో మాత్రమే, రాకెట్ మధ్యలో పట్టుకుని, గోడకేసి మెల్లగా ఫోర్‌హ్యాండ్‌లు కొట్టండి. మొదట్లో బంతి ఎటుపడితే అటు పోతుంది, పోనీండి. పట్టుమని పది బంతులు వరసగా గోడ మీద ఒకేచోట పడటం మొదలయ్యాక కుడిచెయ్యి చేర్చండి.

రెండు చేతులతో ఆడితే చెయ్యి అందే దూరం తగ్గుతుంది, అది పాదాలు పూడ్చాల్సిన లోటు. ఒక అడుగు అదనంగా వేయాలి, భుజం నెట్‌కి తిరగాలి. ఎంత వేసినా అందని బంతికి ఎడమచెయ్యి వదిలేసి ఒంటిచేత్తో స్లైస్ చేయండి (బంతి కింద కోసినట్టు కొట్టడం), దాన్ని కూడా ముందునుంచే నేర్చుకోండి.

విలువిద్య గురించి ఇక్కడ కొంచెమే చెబుతాను. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చాక మన పిల్లలు చాలామంది విల్లు పడుతున్నారు. విల్లు చేతిని బిగించకండి. ఆ చెయ్యి విల్లుని ముందుకి నెట్టాలి అంతే, వేళ్ళు వదులుగా ఉండాలి. బాణం వదిలాక విల్లు కింద పడకుండా చేతికి పట్టీ కట్టుకునేది అందుకే. లాగేది కూడా ముంజేతి బలంతో కాదు, వీపు కండరాలతో.

డప్పు, మృదంగం, వీణ

ఇక్కడ లెక్క మారుతుంది. కర్ర, బ్యాట్ దగ్గర రెండు చేతులకీ వస్తువు ఒకటే. వాద్యంలో రెండు చేతులకీ రెండు వేర్వేరు పనులు, కలిసేది కాలం దగ్గర మాత్రమే. డప్పు చూడండి. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. సిర్ర గట్టి దెబ్బ వేస్తుంటే సిటికెన పుల్ల మధ్యమధ్య ఖాళీలు నింపుతుంది. కొత్తవాళ్ళు సిర్ర మీదే ధ్యాస పెట్టి పుల్లని గాలికి వదిలేస్తారు, డప్పు మోత వస్తుంది గానీ నడక రాదు. పుల్లతో ఒక్కదానితోనే దరువు మొత్తం వాయించి చూడండి. వినేవాళ్ళకి ఆ దరువు గుర్తుపట్టేలా ఉంటేనే సిర్ర అందుకోండి.

మృదంగానికి ఎడమవైపు మూత మధ్యలో తడిపిన రవ్వ ముద్ద పెడతారు, దానివల్లే ఆ గుమికి, అంటే లోతుగా మోగే నాదం, వచ్చేది. ముద్ద మరీ పలచనైతే జారుతుంది, గట్టిగా ఉంటే వాయిస్తుండగా ఊడుతుంది. వేలితో నొక్కితే అంటుకోకుండా దిగబడేలా ఉండాలి, వాయించడం అయ్యాక గీకి తీసేయాలి. మొదటి పాఠం త, ది, తొం, నం అనే దెబ్బల అక్షరాలు. చేతులు పెట్టక ముందు నోటితో చెప్పండి, తాళం వేస్తూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, తడబడకుండా చెప్పగలిగాకే మృదంగం మీద చెయ్యి వేయండి. నోట్లో తిరగని జతి (అక్షరాల వరస) చేతిలో తిరగదు.

రెండు చేతుల్నీ విడదీయడానికి ఏ వాద్యానికైనా పనికొచ్చే సాధన ఒకటుంది, బల్ల మీదే చేయొచ్చు. ఒకటి నుంచి ఆరు దాకా సమానంగా లెక్కపెడుతూ కుడిచెయ్యి ఒకటి, మూడు, అయిదు మీద, ఎడమచెయ్యి ఒకటి, నాలుగు మీద కొట్టాలి. అంటే ఒకటికి రెండు చేతులూ, రెండుకి ఖాళీ, మూడుకి కుడి, నాలుగుకి ఎడమ, అయిదుకి కుడి, ఆరుకి ఖాళీ. కుడిచెయ్యి మూడు కొట్టే కాలంలోనే ఎడమచెయ్యి రెండు కొడుతోంది. కుదిరాక లెక్క ఆపేసి వినండి. ఒకసారి కుడిచేతి మూడింటినే వినండి, ఇంకోసారి ఎడమచేతి రెండింటినే. అప్పుడు చేతులు తారుమారు చేయండి. ఎడమచేత్తో మూడు కొట్టడం నిజంగా కష్టం, దాని మీదే ఎక్కువ కాలం గడపండి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే నెమ్మదిగా చేస్తున్నామనుకుంటూ పరుగెత్తడం తప్పుతుంది.

వీణలో కుడి చూపుడు, మధ్య వేళ్ళు మీటుతాయి, కుడి చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగల మీద పని చేస్తుంది, ఎడమచెయ్యి 24 మెట్ల మీద తీగని పక్కకి లాగి గమకం, అంటే స్వరం ఊగే ఒంపు, తెస్తుంది. చిటికెన వేలిని చాలామంది మర్చిపోతారు. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు వాయించేటప్పుడే ప్రతి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో తాళం తీగ మోగించే అలవాటు చేసుకోండి, కీర్తనలకి వచ్చాక నేర్చుకుందామంటే ఆ వేలు మాట వినదు.

ఎడమచేతివాటం వాళ్ళు

వస్తువుని తిప్పి పట్టుకోవాలా వద్దా అన్నది విద్యని బట్టి ఉంటుంది. మృదంగంలో తిప్పుకోవచ్చు, పళని సుబ్రహ్మణ్య పిళ్ళై ఎడమచేతివాటంతోనే అంతటి విద్వాంసుడయ్యారు. హాకీలో కుదరదు, ఎడమచేతి స్టిక్‌లు ఆటలో ఒప్పుకోరు. కెండోలో ఏ చేతివాటం వాళ్ళయినా కుడిచెయ్యే ముందు. ఇది మీకు నష్టమేం కాదు, పెత్తనం చేయాల్సిన వెనక చెయ్యి మీకు పుట్టుకతోనే బలమైనది.

క్రికెట్‌లో, టెన్నిస్‌లో ఎంచుకునే వీలుంది. గంగూలీ కుడిచేతివాటం మనిషి, బ్యాటింగ్ మాత్రం ఎడమచేతిది, అంటే బలమైన చెయ్యి పైన ఉంది. సచిన్ రాసేది ఎడమచేత్తో, ఆడేది కుడిచేత్తో, అక్కడా అంతే. నాదల్ కుడిచేత్తో రాస్తాడు, ఎడమచేత్తో ఆడతాడు, అందువల్ల బ్యాక్‌హ్యాండ్‌లో అతనికి పనిచేసేది సహజమైన చెయ్యి. మీ పిల్లలు బ్యాట్ మొదటిసారి పట్టుకున్నప్పుడు ‘తప్పు చేతితో’ పట్టుకున్నారని వెంటనే మార్పించకండి. రెండు రకాలుగానూ కొన్నాళ్ళు ఆడనిచ్చి చూడండి.

రోజూ ఎంతసేపు

అరగంట చాలు. మొదటి పది నిమిషాలు బలహీనమైన చేతికే ఇవ్వండి, ఒళ్ళు అలసిపోక ముందు. చివర్లో చేద్దామంటే ఎప్పుడూ జరగదు. తర్వాత రెండు చేతులూ కలిపి నెమ్మదిగా, ఆఖరి అయిదు నిమిషాలే మీకిష్టమైన వేగంతో. వారానికోసారి ఫోన్ ఎదురుగా పెట్టి వీడియో తీసి, సగం వేగంతో చూసుకోండి. చేతులు కలిసే చోటు, విడిపోయే చోటు మాత్రమే చూడండి.

కండరం నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో, మోచేతి బయటి ఎముక మీద నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం అది వేరు. పట్టు వదులు చేసి రెండు మూడు రోజులు ఆపండి. మళ్ళీ మొదలుపెట్టగానే అదే చోట వస్తే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోండి, చూపించేటప్పుడు బ్యాటో రాకెట్టో వెంట తీసుకెళ్ళి మీరు ఎలా పట్టుకుంటారో పట్టుకుని చూపించండి.